తప్పు మనిషిదా, ఫారానిదా?



నేను బ్యాంకు గుమాస్తాగా ఉండగా విత్‌డ్రాయల్ ఫారం తప్పుగా నింపినవారిని విసుక్కునేవాణ్ణి. పదిమందీ ఒకే గడి దగ్గర తప్పుతుంటే లోపం ఫారానిదేనని ఆలస్యంగా తెలిసింది.

నిరుడు మా మనవరాలి స్కాలర్‌షిప్ దరఖాస్తు వెబ్‌సైట్‌లో నింపాం. ‘తప్పు ఉంది’ అన్నదే గాని ఏ గడిలోనో చెప్పలేదు. వెతికేలోగా గడువు దాటింది. ఫీజుకు మా అబ్బాయి అప్పు చేశాడు.

కంప్యూటర్ చదివే పిల్లలారా! ఐదుగురి చేత వాడించి చూస్తే చాలా లోపాలు బయటపడతాయని డెన్మార్క్ నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లోనే రాశారు. మీరు తయారుచేసిన పేజీని మన ఇస్లాపూర్‌లో తెలుగు, మరాఠీ మాట్లాడే తల్లిదండ్రుల ముందు పెట్టండి. మీరు నేర్పకండి. వారు ఎక్కడ ఆగారో చూసి, అక్కడ దిద్దండి.