లైట్‌హౌస్‌లో ఇద్దరు పనోళ్ళు

ఈసారి ఒక సినిమా ముచ్చట. పేరు 'ది లైట్‌హౌస్', 2019ల వచ్చింది, రాబర్ట్ ఎగర్స్ తీసిండు. అందరూ దయ్యాల సినిమా అంటరు. నాకైతే అది సైటు సినిమా.

కథ 1890ల నాటిది. అమెరికాల న్యూ ఇంగ్లండ్ దిక్కు ఒక దీవి, దాని మీద లైట్‌హౌస్. ఇద్దరు దిగుతరు, నాలుగు వారాల డ్యూటీ. ముసలాయన విల్లెం డఫో సూపర్‌వైజర్. పిల్లగాడు రాబర్ట్ ప్యాటిన్సన్ హెల్పర్. బొగ్గు మోసుడు, నీళ్ళ తొట్టి కడుగుడు, టవర్‌కు సున్నం కొట్టుడు అన్నీ పిల్లగాడే. పైన దీపం దగ్గరికి మాత్రం రానియ్యడు. నాలుగు వారాలు అయ్యేసరికి తుఫాను. తీసుకపోయే పడవ రాదు. తిండి తడిసి పాడైతది, మిగిలేది మందు. ఎన్ని రోజులైందో వాళ్ళకూ తెల్వదు, చూసే మనకూ తెల్వదు.

ఆ పిల్లగాడు ముందు కెనడాల కలప పని చేసినోడు. అక్కడ చచ్చిపోయిన ఒకతని పేరు పెట్టుకొని ఇక్కడికొచ్చిండు. వేరేవాళ్ళ కాగితాల మీద పని చేసేటోళ్ళు మనలో కూడా ఉన్నరు. పేరు పెట్టి పిలిస్తే ఒక క్షణం ఆలస్యంగా తిరిగి చూస్తరు.

ముసలాయన రోజూ ఒక పుస్తకంలో రాసి తాళం వేస్తడు. ఆఖరికి పిల్లగాడు అది తెరిచి చూస్తడు: పని చేతకాదు, జీతం లేకుండా పంపెయ్యాలె అని ఉంటది. సినిమాల సముద్ర కన్య ఉంది, శవం ఉంది. నాకు భయమేసింది ఆ పుస్తకం చూసే.

గల్ఫ్‌ల నా మొదటి క్యాంపులో ఓవర్‌టైం అంతా ఫోర్‌మన్ డైరీలనే ఉండేది. ఆయన రాసిందే లెక్క. అడిగితే పుస్తకం ఆఫీసుల ఉందనేటోడు. ఇప్పుడు ఇక్కడ ఆ పుస్తకం నా చేతుల ఉంది. సాయంత్రం ఎవరి గంటలు వాళ్ళకు చదివి వినిపించి, సంతకం పెట్టించినంకనే పంపుత. పది నిమిషాలు ఎక్కువైతది, పైవాళ్ళు గొణుగుతరు. గొణగనీ.

ఈ కథ వెనుక నిజంగా జరిగిన సంగతి ఉంది. 1801 ప్రాంతంలో, వేల్స్ తీరానికి దూరంగా స్మాల్స్ అనే రాళ్ళ మీది లైట్‌హౌస్‌ల ఇద్దరు కాపలాదారులు, ఇద్దరి పేరూ థామస్. (సినిమాల కూడా ఇద్దరూ థామస్‌లే, అది తర్వాత తెలుస్తది.) ఒకాయన చచ్చిపోయిండు. ఇద్దరికీ పడదని అందరికీ తెలుసు. శవాన్ని సముద్రంల వేస్తే నువ్వే చంపినవంటరని రెండో ఆయన పెట్టె చేసి బయట కట్టిండు. గాలికి పెట్టె పగిలి శవం చెయ్యి ఊగిందట. పడవ వచ్చేసరికి దోస్తులే ఆయన్ని గుర్తుపట్టలేదంటరు. అప్పటి నుంచి బ్రిటన్‌ల లైట్‌హౌస్‌కు ముగ్గురు ఉండాలని పెట్టిన్రు.

ఇంకొకటి, మన పనివాళ్ళ కోసం: షూటింగ్‌కు కెనడాల, నోవా స్కోషియాల కేప్ ఫోర్చూ దగ్గర 70 అడుగుల టవర్ నిజంగనే కట్టిన్రు. ఆ గాలిల పరంజా ఎట్ల నిలబెట్టిన్రో!

బ్లాక్ అండ్ వైట్, పాత నావికుల ఇంగ్లీషు. సబ్‌టైటిల్స్ పెట్టుకోండ్రి. పిల్లలతోటి చూడకండ్రి.

ఎడారిల ఒంటెల దగ్గరనో, పంప్ హౌస్‌లనో ఇద్దరే ఉండి పని చేస్తున్న తమ్ముళ్ళు వాయిస్ మెసేజ్ పెట్టండ్రి: మీ గంటలు ఎవరు రాస్తున్నరు? మీకు చూపిస్తున్నరా?