ద్విపద కథల్లో ధర్మం, సాయం

అద్భుత కల్పనా కథలలో శ్రోతలను కట్టిపడేసేది మాయలూ మంత్రాలూ మాత్రమే కాక, ఆపదలో ఉన్నవారికి తోడు నిలిచే పాత్రల ధర్మనిష్ఠ కూడా అనడానికి పాలమూరు, నల్లగొండ సీమలతో ముడిపడిన రెండు ద్విపద కావ్యాలు, అంటే రెండేసి పాదాల చొప్పున పాటకు అనువుగా సాగే ఛందస్సులోని కావ్యాలు, చక్కని నిదర్శనాలు. కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో, పాలమూరు ప్రాంతపు వర్ధమానపురాన్ని ఏలిన గోన వంశీయుడు బుద్ధారెడ్డి కృతిగా ప్రసిద్ధమైన రంగనాథ రామాయణంలో, వానరులు కొండలు మోసి సేతువు కడుతుండగా ఒక ఉడుత నీట మునిగి, ఇసుకలో పొర్లి, ఒంటికంటిన రేణువులను వారధిపై దులిపి వస్తుంది. వాల్మీకంలో లేని ఈ ఘట్టంలో ఆ ఇసుక ఎంతో ఎవరూ కొలవరు, రాముడు దాని వీపు నిమురుతాడు. బలం లేనివారికి అది తమ కథగా తోచడం సహజమే. చిన్న సాయాన్ని తెలుగువారు నేటికీ ఉడుతాభక్తి అనే అంటారు. దేవరకొండ ఏలికల మంత్రి కుటుంబానికి చెందిన గౌరన 15వ శతాబ్దంలో రచించిన హరిశ్చంద్ర కథ మరింత కఠినమైనది: కాటికాపరిగా మారిన రాజు కన్నకొడుకు శవం ఎదుట కూడా కాటి సుంకం విడిచిపెట్టడు. ద్విపద చెవికి ఇంపైన ఛందస్సు కనుక, ఈ రెండు కావ్యాలనూ ఇంట్లో పిల్లలచేత పైకి చదివించవలసిందిగా శ్రోతలకు మనవి.