యెహోషువ: ఒక పేరు కథ



నిజామాబాదు, నవీపేట్, బోధన్ ప్రాంతముల ఊళ్లలో ఒక యింట యూసుఫ్, వేఱొక యింట యోసేపు ఉండుట వింత కాదు. రెండును ఒక్క హీబ్రూ నామమే. దావూదు, దావీదు, మూసా, మోషే, ఇబ్రాహీము, అబ్రాహాము కూడ అట్టివే. అరబ్బీ త్రోవను ఒక రూపము, బైబిలు త్రోవను మఱియొక రూపము మన నేలకు వచ్చి ఇరుగుపొరుగున కాపురమున్నవి. అట్టి పేళ్లలో నేడు నేను చెప్పఁబూనినది యెహోషువ.

నూను కుమారునికి మొదట ఉండిన పేరు హోషేయ. దానికి రక్షణ అని అర్థము. మోషే దానికి దైవనామమును జోడించి యెహోషువ అని మార్చెను. 'యెహోవాయే రక్షణ' అని దాని భావము. ఈ పేరు పెట్టిన సందర్భము గమనింపఁదగినది. కనాను దేశమును వేగు చూచి రమ్మని పన్నెండుగురిని పంపినప్పటి మాట యిది. తిరిగి వచ్చినవారిలో పదిమంది, అచ్చటివారు బలాఢ్యులు, మనవలన కాదనిరి. యెహోషువయు, కాలేబును మాత్రమే వెఱవవలదనిరి. జనులు వారిని రాళ్లతో కొట్టఁజూచిరి. పిమ్మట మోషే అనంతరము ప్రజలను యొర్దాను నది దాటించినవాడు ఈ యెహోషువయే.

హీబ్రూ భాషలో ఈ నామమే కుఱుచయై యేషూవ అయినది. గ్రీకు భాషలో 'ష' ధ్వని లేనందున యేసూస్ అయినది. మనము యేసు అనునది దానినే. ముస్లిము సంప్రదాయమున నూను కుమారుని యూషా అందురు. ఆంగ్లము మీదుగా వచ్చినప్పుడు అదియే జాషువా.

జాషువా అనఁగానే తెలుగువారికి స్ఫురించువారు మహాకవి గుఱ్ఱం జాషువా. వారు 1895లో వినుకొండలో జన్మించిరి. కులము పేర అవమానముల ననుభవించిరి. హిందూ పురాణగాథలను వ్రాయుచున్నాడని క్రైస్తవులలోను కొందరు వారిని నిరసించిరి. ఇరువైపుల రాళ్లు పడుచున్నను కలము దింపలేదు. 1941లో 'గబ్బిలము' వెలువరించి, అంటరానివాని మొరను కాశీ విశ్వనాథునికి పంపిరి. 1957 మొదలు 1959 వఱకు మద్రాసు ఆకాశవాణిలో పనిచేసిరి. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించెను. 1971లో కన్నుమూసిరి.

పేరు వలననే మనుష్యుడు ధీరుడగునని నేను చెప్పను. పేరు విన్నంతనే మతమేది, కులమేది యని లెక్కగట్టు అలవాటు మనలో నేటికిని పోలేదు. అట్టి చోట ఆ పేరును దాఁచక, దానితోనే పద్యము చదివి సభను మెప్పించుట సామాన్యము కాదు.

ఆ పన్నెండుగురు వేగులవారి పేళ్లును సంఖ్యాకాండమున వ్రాయఁబడియే యున్నవి. భయపడిన పదిమంది పేళ్లను నేడు బిడ్డలకు పెట్టువారు అరుదు. ఈ పేరు గల బాలుడు మీ యింట నున్నచో, దాని యర్థముతోపాటు ఈ కథను కూడ వానికి చెప్పుడు. పొరుగింటి బాలుని పేరునకు అర్థమేమో అడిగి తెలిసికొమ్మనియు చెప్పుడు.