వెండితెర మీది మహానగరం – అందులో మన చోటెక్కడ?

(రామచంద్రపురంలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మహానగరాన్ని కళ్ళకు కట్టినట్టు చూపించిన, మీకు నచ్చిన సినిమాల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, హక్కుల సభలో సినిమా కబుర్లేమిటి అనుకున్నాను. నిన్న సాయంత్రం ఇక్కడికి వచ్చాక నా సందేహం తీరిపోయింది. ఒక అమ్మాయి వచ్చి కలిసింది. డిగ్రీ అయింది. హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల చేరాలి. ఇంట్లో పంపనంటున్నారు. ఎందుకమ్మా అంటే, "పట్నంలో ఆడపిల్ల ఒంటరిగా ఉంటే ఏమవుతుందో సినిమాల్లో చూట్టం లేదా అంటున్నారండి మా నాన్న" అంది. ఆ తండ్రి హైదరాబాదు వెళ్ళింది రెండేసార్లట, అదీ ఆసుపత్రి పని మీద. ఆయనకు తెలిసిన పట్నమంతా తెర మీద చూసిందే. అంటే ఒక ఆడపిల్ల బతుకు గురించి ఇవాళ ఈ ఊళ్ళో సినిమా తీర్పు చెబుతోందన్నమాట. కాబట్టి సినిమా గురించి మాట్లాడుకోవలసిందే.

సినిమావాళ్ళు మన దగ్గరికొచ్చి కాలవగట్లు, కొబ్బరితోటలు, రేవులు తీసుకుపోతారు. దర్శకుడు వంశీ గారి పసలపూడి మనకెంత దూరం? మన పల్లెల్ని రాష్ట్రమంతా సినిమాల్లో చూసింది. బదులుగా సినిమా మనకి పట్నాన్ని పంపింది. ఎలాంటి పట్నాన్ని పంపింది?

1982లో మౌళి దర్శకత్వంలో 'పట్నం వచ్చిన పతివ్రతలు' వచ్చింది. చిరంజీవి, మోహన్‌బాబు, రాధిక, గీత నటించారు. పట్నం మోజులో ఊరు దాటిన తోడికోడళ్ళు చిక్కుల్లో పడతారు, మొగుళ్ళు వెతుక్కుంటూ వెళతారు. మీరంతా నవ్వుకుంటూ చూసిన సినిమానే, నేనూ నవ్వాను. కానీ చెప్పిన నీతి ఏమిటి? పట్నం మగవాడికైతే అవకాశం, ఆడదానికైతే ప్రమాదం. పల్లెటూరి కుర్రాడు పట్నం వెళితే హీరో అవుతాడు. అదే బస్సులో అమ్మాయి వెళితే ఆమెను కాపాడటానికి ఇంకో మగవాడు రావాలి. ఈ నీతిని ఎన్ని సినిమాల్లో, ఎన్నిసార్లు విన్నామో లెక్కపెట్టలేం.

అయితే అన్ని సినిమాలూ అలా లేవు. 1976లో బాలచందర్ తీసిన 'అంతులేని కథ' చూడండి. అందులో సరిత పాత్ర వేసిన జయప్రద మన రాజమండ్రి అమ్మాయే. కథ విశాఖపట్నంలో నడుస్తుంది. తాగుబోతు అన్నతో సహా ఇంటిల్లిపాదినీ ఒక్క ఆడపిల్ల జీతం పోషిస్తుంది. ఆమెకి పట్నం షికారు కాదు, బస్సు, ఆఫీసు, మళ్ళీ ఇల్లు. ఆ ఉద్యోగం ఆమెకి స్వేచ్ఛ ఇవ్వలేదు, ఇంటి బరువు నెత్తిన పెట్టింది. సంపాదించిన ఆడది స్వతంత్రురాలు అయిపోతుందని మనం తేలిగ్గా అనేస్తుంటాం. కానీ జీతం ఎవరి చేతికి వెళుతోందో కూడా చూడాలి కదా!

నాకు అన్నిటికన్నా ఇష్టమైన నగరం సినిమా 1963లో సత్యజిత్ రాయ్ తీసిన 'మహానగర్'. ఆరతి కలకత్తాలో ఒక బ్యాంకు గుమాస్తా భార్య. అత్తమామలు, ఆడపడుచు, చిన్న కొడుకు, చాలీచాలని జీతం. ఉద్యోగం చెయ్యమని మొదట మొగుడే అంటాడు. ఆమె ఇల్లిల్లూ తిరిగి అల్లిక మిషన్లు అమ్ముతుంది. రిటైరైన మేష్టారు మామగారికి అది అవమానం. నాలుగు డబ్బులు చేతికొచ్చి ఆరతి ముఖంలో ధైర్యం కనిపించేసరికి మొగుడికీ కంటగింపు మొదలవుతుంది, మానెయ్యమంటాడు. అంతలో అతని బ్యాంకు మూతపడుతుంది, ఇప్పుడు మానొద్దంటాడు! మన ఇళ్ళల్లో జరగనిదేముంది ఇందులో?

తోటి ఉద్యోగిని, ఆంగ్లో ఇండియన్ అమ్మాయి ఎడిత్, ఆరతికి లిప్‌స్టిక్ ఇస్తుంది. ఆరతి దాన్ని సంచిలో దాచుకుంటుంది. ఆ తర్వాత ఆ ఎడిత్‌నే, నడవడి మంచిది కాదన్న నింద వేసి, యజమాని ఉద్యోగంలోంచి తీసేస్తాడు. ఇంట్లో మొగుడికి పని లేదు, తన జీతమే ఆధారం. అయినా ఆరతి ఆ అన్యాయానికి నిరసనగా రాజీనామా కాగితం బల్ల మీద పెట్టి వచ్చేస్తుంది. తనది కాని కులం, తనది కాని మతం, తనది కాని భాష. అయినా సాటి ఉద్యోగిని. ఇంత పెద్ద ఊళ్ళో ఇద్దరిలో ఒకరికైనా పని దొరక్కపోతుందా అనుకుంటూ భార్యాభర్తలు జనంలో కలిసిపోతారు. పట్నం గుణం ఇక్కడ కనిపిస్తుంది నాకు. ముక్కూ మొహం తెలియని మరో ఆడదాని కోసం ఒక ఆడది నిలబడగల చోటు అది.

అలాగని పట్నంలో ప్రమాదమే లేదని నేను అబద్ధం చెప్పను. 1982లో సాగర్ సర్హదీ హైదరాబాదు నేపథ్యంగా 'బజార్' తీశారు. గల్ఫ్ డబ్బున్న ఒకడు పేదింటి పిల్ల షబ్నమ్‌ని నిఖా పేరుతో కొనుక్కుంటాడు. ఆ పిల్ల ప్రాణమే పోతుంది. 2014లో థియేటర్లకొచ్చిన 'నా బంగారు తల్లి' మన అమలాపురం పిల్ల కథ. రాజేష్ టచ్‌రివర్ దర్శకుడు. జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రం అది. బాగా చదువుకునే దుర్గ హైదరాబాదు వెళ్ళి, ఆడపిల్లల్ని అమ్మే ముఠా చేతుల్లో పడుతుంది. అయితే ఆ వ్యాపారం మూలం ఎక్కడుంది? ఊళ్ళో మర్యాదస్తుడిగా చలామణీ అయ్యే ఆమె కన్నతండ్రి దగ్గరే ఉంది! ఈ రెండు సినిమాల్లోనూ బేరం తెలియని రోడ్డు మీద జరగలేదు, తెలిసినవాళ్ళ మధ్యే జరిగింది. ఆడపిల్లని పట్నం పంపకుండా గుమ్మం మూసేస్తే సరిపోతుందనుకునే వాళ్ళు ఈ సంగతి ఆలోచించాలి.

ఇంకో మాట. మన గోదావరి పల్లెల నుంచి ఎంతమంది తల్లులు కువైట్, మస్కట్ వెళ్ళి పరాయి ఇళ్ళల్లో అంట్లు తోముతున్నారో మీకు తెలుసు. ఇంటి అప్పు తీరడానికి భార్యని సముద్రం దాటించినప్పుడు ఎవరికీ భయం వెయ్యలేదు. చదువుకున్న కూతురు తన కాళ్ళ మీద తను నిలబడతానంటే మాత్రం భయం పుట్టుకొస్తుంది. ఇది ఆమె క్షేమం కోసం పడే భయమా, ఆమె మన చెయ్యి దాటిపోతుందన్న భయమా?

1987లో నేను హైదరాబాదులో అద్దెకి గది వెతుక్కున్నాను. ఏడిళ్ళ వాళ్ళు ఒకటే ప్రశ్న వేశారు: "మీవారేం చేస్తారు?" పెళ్ళి కాలేదంటే తలుపు వేసేవారు. ఎనిమిదో ఇంట్లో ఒంటరిగా ఉండే ఒక మామ్మగారు, "బియ్యం డబ్బా ఎక్కడ పెట్టుకుంటావు?" అని మాత్రం అడిగి తాళంచెవి ఇచ్చింది. ఆ తాళంచెవి అందిన రోజున ఆ ఊరు నాదీ అనిపించింది.

ఆ తాళంచెవి విలువ తెలిసిన సినిమా 2024లో వచ్చింది. పాయల్ కపాడియా తీసిన 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్'. ఆ ఏడాది కాన్స్ చలనచిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి గెలుచుకుంది. బొంబాయిలో ఇద్దరు మలయాళీ నర్సులు, అదే ఆసుపత్రిలో వంటచేసే పార్వతి. పార్వతి మొగుడు మిల్లు కార్మికుడు, చనిపోయాడు. ఏళ్ళ తరబడి కాపురమున్న గదిని బిల్డరు కూలగొడతానంటే, అది తనదని చూపించడానికి ఆమె దగ్గర ఒక్క కాగితమూ లేదు. చివరికి సొంతూరికి వెళ్ళిపోతుంది. ఊరికి సేవ చేసిన ఆడదానికి ఆ ఊళ్ళో రుజువు లేదు. వానలు, లోకల్ రైళ్ళు, జనం అన్నీ ఆ సినిమాలో ఉన్నాయి. కానీ నాకు గుర్తుండిపోయింది ఆ లేని కాగితమే.

అందుకే అమ్మలూ, పట్నం సినిమా చూసినప్పుడు ఎత్తయిన మేడలు కాదు, మూడు సంగతులు చూడండి. ఇందులో ఆడది రోడ్డు మీద ఒంటరిగా నడవగలుగుతోందా? ఆమె జీతం ఎవరి చేతిలో ఉంది? రాత్రికి ఆమె తలదాచుకునే ఇంటి మీద హక్కు ఎవరిది? ఈ మూడు ప్రశ్నలు పట్నానికే కాదు, రామచంద్రపురానికీ వెయ్యండి.

ఆ అమ్మాయికి ధైర్యం ఒక్కటే చాలదు, చట్టమూ తెలియాలి. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల మీద అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. అంతకన్నా చిన్న చోట్లకు, ఇళ్ళల్లో పనిచేసే వాళ్ళకు జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. దీనికి పునాది 1997 నాటి విశాఖ తీర్పు. ఆ తీర్పుకి కారణం పట్నం ఆఫీసు కాదు. రాజస్థాన్‌లో ఒక పల్లెటూరు. బాల్య వివాహాన్ని అడ్డుకున్నందుకు 1992లో సామూహిక అత్యాచారానికి గురైన భన్వరీదేవి చేసిన పోరాటం. నగరంలో మన కూతుళ్ళకు రక్షణ ఇస్తున్న చట్టం ఒక పల్లెటూరి ఆడదాని కన్నీళ్ళలోంచి, మొండితనంలోంచి పుట్టింది.

ఆస్తి కాగితం సంగతీ మరవకండి. ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో మగపిల్లాడితో సమానంగా వాటా ఉండాలని దేశం 2005లో చట్టం చేసింది. మన రాష్ట్రం ఆ పని 1985లోనే చేసింది. చేసి ఇన్నేళ్ళయింది, మీలో ఎంతమంది పేరున కాగితం ఉంది? చేతులెత్తమని అడగను. మీలో మీరే లెక్క చూసుకోండి.

చివరిగా ఒక ప్రతిపాదన. వచ్చే ఆదివారం ఎవరింట్లోనైనా అందరం కూర్చుని 'మహానగర్' చూద్దాం. భాష తెలియకపోయినా అర్థమవుతుంది, అర్థం కాని చోట నేను చెబుతాను. ఆ అమ్మాయి నాన్నగారిని కూడా పిలుద్దాం. దెబ్బలాడటానికి కాదు, ఆయన భయాన్ని వినటానికి, మన మాట వినిపించటానికి. ఒకటో తారీకు లోపల ఆ అమ్మాయి బస్సెక్కాలి. మనలో ఇద్దరం వెంట వెళ్ళి గది చూసిపెట్టి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టి రావాలి.