గడియారము – ఘటికాయంత్రము



ఈ వార్షిక మహాసభలో మన కంచరుల కాలయంత్రములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్ము కోరితిరి. మేము బడిలో సంస్కృతము చెప్పి విశ్రాంతి నొందినవారమే కాని సుత్తె పట్టినవారము కాము. ఆ లోపమే నేటి మా ప్రసంగమునకు మూలమైనది.

బోధను ప్రాంతమున పెరిగిన మా యీడువారికి కాలమనగా శక్కరునగరు సైరనే. 1937లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారపు కూత విని ఇండ్లలో పొయ్యి రాజుకొనెడిది. పిల్లలు బడికి బయలుదేరెడివారు. 2015లో కర్మాగారము మూతపడినది. ఆ కూతయు మూగవోయినది. ఇట్టి కూతలు పుట్టకమునుపు కాలమును చాటిన వస్తువులలో రెండు: రాగిగిన్నె, కంచుపళ్లెము. రెండును కంచరి చేతిపనులే.

అడుగున సన్నని రంధ్రముగల రాగిగిన్నెను నిర్మలమైన నీటితొట్టిపై విడిచినచో, మెల్లగా నీరు నిండి అది మునుగును. ఒక మునుక ఒక ఘటిక, అనగా నేటి ఇరువదినాలుగు నిమిషములు. అహోరాత్రమున అరువది మారులు మునుగవలెనని సూర్యసిద్ధాంతము. మనము వాడు గడియ, గడియారము అను మాటలు ఆ ఘటిక నుండి వచ్చినవే. మునిగినప్పుడెల్ల కావలివాడు కంచుపళ్లెమును మ్రోగించెడివాడు. బాబరు చక్రవర్తి హిందూదేశమునకు వచ్చి ఈ యేర్పాటును చూచి, రెండు వ్రేళ్ల మందముగల ఆ పళ్లెమును తన స్వీయచరిత్రలో వర్ణించెను. రాత్రివేళ గడియలను మాత్రమే మ్రోగించిన జామెంతయో తెలియకుండుటచే, జామునకు వేరు గురుతు మ్రోగింపుమని ఆజ్ఞాపించెను.

ఇక మా తప్పు వినుడు. లల్లాచార్యులు ఈ గిన్నెకు కొలతలు చెప్పియున్నారు: పది పలముల రాగి, ఆరంగుళముల యెత్తు, పన్నెండంగుళముల మూతి, రంధ్రమునకు ఇంత బరువుగల బంగారు సూది. మేము ఆ శ్లోకమును చేతబట్టుకొని బోధనులో ఒక వృద్ధ కంచరి యొద్దకు పోయి అట్లే చేయించితిమి. రంధ్రము ముందు సన్నముగా ఉంచి చూతమని ఆయన యనగా, శాస్త్రమును కాదనుటకు నీవెవ్వడవంటిమి. గిన్నె ఇరువదియొక్క నిమిషమునకే మునిగెను. మూడు నిమిషముల లోపము అరువది మునుకలలో మూడు గంటలగును! మేము పనివానిని నిందించితిమి. ఆయన కోపింపక, “పుస్తకం జూసి తొలిచినం పంతులూ, ఇగ నీళ్లను జూసి సరిజేద్దాం” అనెను. రంధ్రము చుట్టు సుత్తెతో సన్నగా కొట్టి, మరల నీట విడిచి, మరల కొట్టి, సాయంకాలమునకు ఇరువదినాలుగు నిమిషములకు తెచ్చెను.

ఇంటికి వచ్చి సిద్ధాంతశిరోమణిని తెరచితిమి. ఆ కొలతలు యుక్తిలేనివనియు, వాని ప్రకారము చేయుట దుర్ఘటమనియు భాస్కరాచార్యులు 1150 నాటికే ఆక్షేపించియున్నారు. గిన్నె ఏ రూపమున నున్నను, దినమునకెన్ని మారులు మునుగునో లెక్కించి ఘటికను నిర్ణయింపవలెనని వారి మతము. ఆచార్యులు చెప్పినదియు, ఆ వృద్ధుడు చేసినదియు ఒక్కటే. ముప్పదియేండ్లు చదువు చెప్పినవారమై మేము గ్రహింపలేకపోతిమి. మరునాడు పోయి క్షమాపణ వేడితిమి.

ఈ కథ నేటి యువకులకై చెప్పితిమి. గోపురము, గంట, కలశము చెక్కిన ఇత్తడి గడియారములు నేడు అంగళ్లలో కానవచ్చుచున్నవి. సంతోషమే. కాని ఒకదానిపై నిమిషముల గీతలకే “అరువది గడియలు” అని చెక్కియుండుట చూచితిమి. అది అసత్యము. చిన్నముల్లు పన్నెండు గంటల కొకచుట్టు తిరుగును. ఆ కాలమున ముప్పది గడియలే గడచును. కావున చిన్నముల్లునకు ముప్పది గీతలు చాలును. మరియు గడియల లెక్క సూర్యోదయము నుండి మొదలు. నిజామాబాదులో వేసవి యుదయమునకును, చలికాలపు ఉదయమునకును గంటకు మించిన భేదమున్నది. అందుచే గడియల వలయమును తిరుగునట్లు విడిగా చేసి, పంచాంగము చూచి సూర్యోదయమునకు సరిపెట్టుకొనునట్లు అమర్చవలెను. లోపలి యంత్రము బ్యాటరీదైనను దోషములేదు. పైనున్న లెక్క నిజము కావలెను.

మన జిల్లాలోని కోనసముద్రపు ఉక్కును పారసీక వర్తకులు వెదకికొని వచ్చి కొనిరి. అది చెక్కడము చూచి కాదు, లోహగుణము చూచి. కావున మా విన్నపమొక్కటే. గడియారములు చేయు ప్రతి కార్ఖానాలోను ఒక రాగిగిన్నెను మీ చేతులతో చేసి, అది సరిగా ఇరువదినాలుగు నిమిషములకు మునుగువరకు విడువకుడు. పని నేర్చుకొను పిల్లవానికి అదియే మొదటి పాఠము కావలెను. శ్లోకము కావలసిన మేము చెప్పెదము, పరీక్షింపవలసినది మీరు.