ఆఖరి వరుసలో కూర్చున్న బిడ్డ

  ఈ దినం మనం కలిసి ఆలోచించబోయే అంశం, "మంచి బడి అంటే ఏది?"

జూన్ నెల వచ్చిందంటే ఏ ఇంట చూసినా ఇదే మాట. మీవాణ్ణి ఏ బడిలో వేస్తున్నారు? మేడ ఎన్ని అంతస్తులు? బస్సు ఇంటి ముందుకు వస్తుందా? ఇంగ్లీషు మీడియమేనా? ఇవన్నీ అడుగుతాం. నేను కూడా అడిగాను. అందుకే ఇతరుల సంగతి చెప్పక ముందు నా సంగతి చెప్పుకోవాలి.

మా మనవణ్ణి దూరాన ఉన్న ఒక బడిలో చేర్పించాము. ఆ బడి పేరు మనకు అనవసరం. అక్కడే చేర్చాలని పట్టుబట్టినవాణ్ణి నేనే. బూట్లు, టై, పసుపుపచ్చ బస్సు. వాడు బస్సెక్కి చెయ్యి ఊపుతుంటే నా మనసు నిండిపోయేది. వాడు మూడో తరగతిలో ఉండగా సంక్రాంతికి బంధువులందరూ ఇంటికి వచ్చారు. "ఒరేయ్, నీ తెలుగు పుస్తకం తెచ్చి అందరికీ చదివి వినిపించు" అన్నాను. వాడు వచ్చి, పుస్తకం తెరిచి, వేలు పెట్టి, పాఠమంతా తడుముకోకుండా చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మా అక్క మాత్రం కొట్టలేదు. ఆమె పల్లెటూరి బళ్లో చాలా ఏళ్లు పంతులమ్మగా పనిచేసింది. వాణ్ణి దగ్గరకు పిలిచి, అదే పేజీలో పైసగం చేత్తో మూసి, మధ్యలో ఒక్క మాట చూపించి, "నాన్నా, ఇదేమిటి?" అని అడిగింది. వాడు పుస్తకం వైపు చూడలేదు. నా వైపు చూశాడు. తరువాత పెదవుల్లోనే పాఠం మొదటినుండి చెప్పుకోవడం మొదలుపెట్టాడు, ఆ మాట దగ్గరకు ఎప్పుడో ఒకప్పుడు చేరుకుంటానని.

అప్పుడు నాకు అర్థమైంది. వాడికి చదవడం రాదు. పాఠం కంఠతా వచ్చు.

సిగ్గుతో నాకు కోపం వచ్చింది. "ఇంత డబ్బు పోస్తుంటే!" అని చెయ్యెత్తాను. అక్క నా చెయ్యి పట్టుకుంది. "తమ్ముడూ, వాణ్ణెందుకు కొడతావు? ఇన్నేళ్లలో వీణ్ణి ఒక్కణ్ణే పక్కన కూర్చోబెట్టుకుని చదివించి విన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? బళ్లో లేరు సరే. ఇంట్లో నువ్వైనా విన్నావా?"

ప్రియులారా, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

మరునాడు బడికి వెళ్లి అడిగాను. "మార్కులు బాగానే వస్తున్నాయి కదండీ" అన్నారు. నిజమే. జవాబులు కూడా కంఠతా వచ్చు గనుక మార్కులు వస్తున్నాయి.

ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. అసర్ అనే సర్వేవారు 2005 నుండి పల్లెల్లో ఇంటింటికి వెళ్లి, పిల్లల చేతికి ఒక కాగితం ఇచ్చి చదవమని అడుగుతున్నారు. 2024లో మన దేశపు పల్లెల్లో ఐదో తరగతి పిల్లలకు రెండో తరగతి పాఠం ఇస్తే, చదవగలిగినవారు సగం కన్నా కొంచెం తక్కువ మందే. తక్కిన బిడ్డలు ఎక్కడున్నారు? బడిలోనే ఉన్నారు. హాజరుపట్టీలో పేరున్నది. ఆఖరి వరుసలో మౌనంగా కూర్చున్నారు.

"అది సర్కారు బడుల సంగతి, డబ్బు కడితే బాగుంటుంది" అని మీరనవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. అయితే గమనించండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 180 గ్రామాల్లో ఒక పరిశీలన మొదలైంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు దాని ఫలితాలను ప్రకటించారు. లాటరీ తీసి, పేరు వచ్చిన పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు ఇచ్చారు. నాలుగేళ్ల తరువాత పరీక్షించి చూస్తే, తెలుగులో, లెక్కల్లో ఇరువురికీ తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు బడి పిల్లలు ముందున్నారు, ఎందుకంటే ఆ బడులు హిందీకి సమయం ఇచ్చాయి. ప్రైవేటు బడులు తక్కువ ఖర్చుతోనే ఈ పని చేశాయి, ఆ మాటా చెప్పాలి. కానీ బడి మార్చినంత మాత్రాన బిడ్డకు చదువు రాదని తేలింది.

మరి మంచి బడికి గుర్తులేమిటి? మూడు మాటలు చెబుతాను.

మొదటిది, మంచి బడి బిడ్డలను ఒక్కొక్కరిగా ఎరుగును. సాయంత్రం దొడ్డి దగ్గర గొర్రెల కాపరిని చూశారా? "సుమారుగా అన్నీ వచ్చాయి" అనడు. ఒక్కొక్కదాన్ని లెక్కపెట్టి లోపలికి పంపుతాడు. మా అక్క దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. రోజుకు ఐదుగురు పిల్లలు. ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని మూడు నిమిషాలు చదివించి వినేది. ఎక్కడ ఆగాడో రాసుకునేది. ముప్పైమంది ఉంటే ఆరు రోజుల్లో అందరూ అయిపోతారు. 2009 విద్యాహక్కు చట్టం కూడా ప్రాథమిక బడిలో ముప్పైమంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలన్నది. రోజుకు పదిహేను నిమిషాల పని! దీనికి మేడ అక్కరలేదు.

రెండవది, మంచి బడి బిడ్డ ఆగినచోటునుండి మొదలుపెట్టును. మూడో తరగతి బిడ్డకు గుణింతాలు రాకపోతే గుణింతాలే చెప్పాలి. పాఠ్యపుస్తకం ముందుకు పరుగెత్తితే బిడ్డ వెనుకబడిపోతాడు. 2001 నుండి 2003 వరకు వడోదర, ముంబయి నగరాల్లో ఒక పని జరిగింది. వెనుకబడిన మూడు, నాలుగు తరగతుల పిల్లలను రోజుకు రెండు గంటలు వేరుగా కూర్చోబెట్టి, ఆ బస్తీల్లోని యువతులే మొదటినుండి నేర్పించారు. అందరికంటె వెనుకనున్న పిల్లలకే అందరికంటె ఎక్కువ మేలు జరిగింది. దానిని పరిశీలించినవారిలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో ఉన్నారు. వారికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

మూడవది, మంచి బడిలో బిడ్డకు భయముండదు. "రైలుబడి" అనే పుస్తకం మీలో కొందరు చదివియుంటారు. జపాను దేశపు టోక్యోలో పాత రైలుపెట్టెల్లో నడిచిన బడి కథ అది. ఒక బడినుండి పంపివేయబడిన చిన్నపిల్ల అక్కడికి వస్తే, ప్రధానోపాధ్యాయుడు కొబయాషి ఆమె చెప్పే కబుర్లు దాదాపు నాలుగు గంటలు విన్నాడట. ఎదుగుదల ఆగిపోయిన ఒక బాలుడు గెలిచేలా ఆటలపోటీలను ఏర్పరచాడట. ఆ బడి 1945లో యుద్ధపు బాంబులకు కాలిపోయింది. కానీ ఆ పిల్ల, తెత్సుకో కురొయనాగి, పెద్దదై ఆ కథ రాసింది; 1981లో అది పుస్తకంగా వచ్చింది. పెట్టెలు కాలిపోయాయి గాని, తన మాట ఒకరు విన్నారన్నది కాలిపోలేదు.

అయితే కట్టడాలు అక్కరలేదని నేనడం లేదు. నీళ్లు కావాలి, మరుగుదొడ్డి కావాలి. మన రాష్ట్రంలో 2003లో బడుల్లో వేడి మధ్యాహ్న భోజనం మొదలైంది. ఆకలితో ఉన్న బిడ్డకు అక్షరం ఎక్కదు. ఇవన్నీ ఉండాలి. కానీ ఇవన్నీ ఉండి, బిడ్డ చదువును వినే మనిషి లేకపోతే ఆ బడి మంచి బడి కాదు.

తల్లిదండ్రులారా, ఈసారి బడికి వెళ్లినప్పుడు మార్కుల సంగతి అడగకండి. "మా బిడ్డ ఎక్కడ ఆగుతున్నాడు?" అని అడగండి. పుస్తకం తెరవకుండానే ఉపాధ్యాయుడు చెప్పగలిగితే, అది గుడిసె అయినా సరే, బిడ్డను అక్కడే ఉంచండి. మరి ఇంటి సంగతి? "మాకు చదువు రాదు, మేమేం చూస్తాం" అనే తల్లులారా, సబ్బు పొట్లం మీద, క్యాలెండరు మీద మధ్యలో ఒక మాట చూపించి అడగండి. బిడ్డ కళ్లు ఆ మాట వైపు తిరుగుతాయో, మీ ముఖం వైపు తిరుగుతాయో చూడండి. అది చూడటానికి అక్షరం రానక్కరలేదు. కొట్టకండి. మొదటినుండి నేర్పించేవారిని వెదకండి.

మా మనవడు ఆ సంక్రాంతి నుండి రోజూ సాయంత్రం మా అక్క పక్కన కూర్చున్నాడు. అ ఆ ల నుండి మళ్లీ మొదలు. తెలిసినవాళ్లు నవ్వారు. ఎండాకాలం సెలవుల్లో వాణ్ణి తీసుకుని బస్టాండుకు వెళ్లాను. కళ్లద్దాలు మరచిపోయి, నిలబడివున్న బస్సు ఎక్కబోతుంటే వాడు నా పంచె పట్టుకు లాగాడు.

"తాతయ్యా, ఇది మన బస్సు కాదు. బోర్డు చూడు."

ప్రియులారా, ఆ సంవత్సరం నేను విన్న పాఠాలన్నిటిలోకి మంచి పాఠం అదే.