నాలుగు దిక్కుల గానము

రేడియో ముందు కూర్చుండి పాట వినువారికి పాట యెదుటనుండి వచ్చును. సభలో గాయకుడు వేదికపైన నుండును, మనము అతని కెదురుగా నుందుము. 1950 దశకము చివర స్టీరియో రికార్డులు వచ్చినప్పుడు ఆ వేదిక కొంత వెడల్పైనదే కాని శ్రోత కూర్చుండు చోటు మారలేదు. 1969వ సంవత్సరమున అమెరికాలోని బోస్టను నగరములో రెండు ఎఫ్.ఎం. రేడియో కేంద్రములు కలిసి యొక ప్రయోగము చేసినవి. బోస్టను సింఫనీ వాద్యబృందపు కచేరీలో ముందువైపు ధ్వనులను ఒక కేంద్రమును, వెనుకవైపు ధ్వనులను రెండవ కేంద్రమును ఒకే సమయమున ప్రసారము చేసినవి. ఇంట రెండు స్టీరియో రేడియోలున్నవారు ఒకదానిని ముందును, ఒకదానిని వెనుకను ఉంచుకొని నడుమ కూర్చుండి వినవచ్చును. ఒక గదిలో రెండు రేడియోలు గల ఇండ్లెన్నియని మాత్రము అడుగరాదు.

ఈ నాలుగు ధ్వనిధారలను ఒక రికార్డు గాడిలో నిమిడ్చి అమ్ముట 1970 దశకపు ఆరంభమున జపాను, అమెరికా, ఇంగ్లండులలో మొదలై, ఆ దశకము ముగియకమునుపే ఇంచుమించు ఆగిపోయినది. వానిని క్వాడ్రఫోనిక్ రికార్డులనిరి. వర్తకముగా నది విఫలము. విఫలమైన ఆ సరకును అర్ధశతాబ్దము గడచిన తరువాత గూడ కొందరు వెదకి వెదకి కొనుచున్నారు. మేమును ఆ కొందరిలోని వారమే గనుక కారణము చెప్పవలసి యున్నది. వెనుకనుండి బాకా మ్రోగు వింత కొరకు కాదు. ఆ వింత నాలుగు దినములలో తీరిపోవును. ఆ రికార్డులలో, మనకు బాగుగా తెలిసిన పాటయొక్క మరియొక పాఠము దాగియుండుటయే కారణము.

ఆ కాలపు స్టూడియోలలో పాటను రెండంగుళముల వెడల్పుగల టేపుపైన పదునారు వరుసలుగా ముద్రించెడివారు. గాత్రమునకొక వరుస, గిటారునకొక వరుస, డ్రమ్ములకు రెండుమూడు వరుసలు. ఒకే చరణమును రెండుమూడు మారులు పాడించి, వేరువేరు వరుసలలో నుంచి, పిదప ఒకదాని నెన్నుకొనుటయు గలదు. ఈ పదునారింటిని రెండుగా కూర్చుటయే మిశ్రణము. ఏది హెచ్చు, ఏది తగ్గు, ఎక్కడ ప్రతిధ్వని చేర్చవలెను, చివర స్వరమును ఏ చోటినుండి మెల్లమెల్లగా అణచవలెను, ఇదంతయు టేపు తిరుగుచుండగా చేతివ్రేళ్ళతో జరిగెడి పని. తరువాత నెలలకో ఏండ్లకో కంపెనీవారు అదే టేపును తీసి నాలుగు ధారలుగా కూర్పుమనగా, పెక్కుసారులు ఆ పనికి వేరొక ఇంజనీరు కూర్చుండెను. మొదటివాడు మూసిన గాత్రమును ఇతడు తెరచును. మొదటివాడు అణచివేసిన చివరిభాగమును ఇతడు మరికొంతసేపు సాగనిచ్చును. మొదటి మిశ్రణమున పైనుండి చేర్చిన ధ్వని పదునారు వరుసలలో లేదు గనుక, ఇందు వినబడకపోవును.

మన తాళపత్ర గ్రంథముల సంగతి తెలిసినవారికి ఇది పరిచితమైన విషయమే. సి. పి. బ్రౌను దొర ఒక్కొక్క కావ్యమునకు దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితులచే పోల్చి చూపించి, పాఠభేదములు గుర్తింపజేసెను. ఒక ప్రతి చేతికి రాగానే తక్కిన వానితో పనిలేదని అతడు తలపలేదు. లేఖకుని పొరపాటు వేరు, ఇంజనీరు నిర్ణయము వేరు అని యెవరైన ననవచ్చును. అది నిజమే. కాని రెండును మన చేతికి రెండు పాఠములనే యిచ్చుచున్నవి.

ఇంగ్లండునకు చెందిన పింక్ ఫ్లాయిడ్ బృందమువారి ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ 1973 మార్చి నెలలో వెలువడినది. ఈ బృందమునకు నాలుగు దిక్కుల ధ్వనియందు ఆసక్తి క్రొత్తది కాదు. 1967 మే 12వ తేదీన లండనులోని క్వీన్ ఎలిజబెత్ హాలులో శ్రోతల చుట్టును ధ్వనిని త్రిప్పి వినిపించినవారు వీరే. ఈ రికార్డులో ‘టైమ్’ అను పాటకు ముందు అనేక గడియారములు ఒక్కమారుగా మ్రోగును. ఆ మ్రోతలను ఇంజనీరు అలాన్ పార్సన్స్, ఈ పాట కొరకు కాక, నాలుగు ధారల ధ్వనిని ప్రదర్శించి చూపుటకై, పాత గడియారముల దుకాణములో ముందే పట్టియుంచెను. అనగా నాలుగు దిక్కుల కొరకు పుట్టిన ధ్వని రెండు దిక్కులలో లోకప్రసిద్ధమైనది. దానిని మరల దాని యింటికి చేర్చి పార్సన్స్ స్వయముగా చేసిన నాలుగు ధారల మిశ్రణము రికార్డుగా వచ్చినది. ఇంగ్లండు ముద్రణపై నుండు సంఖ్య క్యు4 ఎస్.హెచ్.వి.ఎల్. 804. ఆ మిశ్రణము 2011లో ఒక పెద్ద సంపుటములో మరల వెలువడువరకు, దానిని వినగోరినవారు పాత రికార్డునో టేపునో వెదకుకొనవలసినదే.

మైక్ ఓల్డ్‌ఫీల్డ్ రచించిన ‘ట్యూబులర్ బెల్స్’ సంగతి ఇంకను స్పష్టము. 1973 నాటి రికార్డు చివర ఒక నావికనృత్యపు బాణీ వాద్యములతోనే ముగియును. 1976లో ‘బాక్స్‌డ్’ అను పేర వచ్చిన నాలుగు ధారల సంపుటములో అదే చోట వివియన్ స్టాన్‌షాల్ అను హాస్యగాడు త్రాగిన మత్తులో, రికార్డింగు జరిగిన ‘మేనర్’ అను పాత భవనమును గదిగదియు తిరిగి వర్ణించుచుండును. అది మంచి సంగీతమా యని యడిగినచో మేము వాదింపము. ఆ రాత్రి ఆ యింట ఏమి జరిగినదో చెప్పు సాక్ష్యము మాత్రము ఈ పాఠములోనే యున్నది.

న్యూయార్కు ఫిల్హార్మొనిక్‌తో పియేర్ బూలెజ్ రికార్డు చేసిన బార్టోక్ ‘కన్సర్టో ఫర్ ఆర్కెస్ట్రా’ వేరొక తెగకు చెందినది. అందు వాద్యకారులను నిర్వాహకుని చుట్టును కూర్చుండబెట్టి నాలుగు ధారలకొరకే ధ్వని పట్టిరి. ఇట్టివి అరుదు. ఎక్కువ భాగము రికార్డులలో గిటారు గదిలో గిరగిర తిరుగుట తప్ప వేరు విశేషము లేదు.

ఇక నాలుగు ధారలు ఒక గాడిలో నెట్లు పట్టినవని అడుగవచ్చును. గాడికి రెండే గోడలు. సి.బి.ఎస్. వారి ఎస్.క్యు. పద్ధతియు, జపానునందలి సాన్సుయి వారి క్యు.ఎస్. పద్ధతియు వెనుక ధారలను తరంగదశ మార్చి ముందు ధారలలోనే కలిపివేయును. డీకోడరు అను యంత్రము వానిని మరల విడదీయవలెను. కలిపినంత చక్కగా విడదీయుట ఆనాటి చౌక యంత్రములకు సాధ్యము కాలేదు. ఎస్.క్యు. పద్ధతిలో మరియొక చిక్కు గలదు. వెనుక నట్టనడుమ నుంచిన ధ్వని రెండు గోడలపైన పరస్పర విరుద్ధముగా పడును. ఆ రెండింటిని కూడినచో సున్న. కావున గాయకుని అక్కడ నిలిపిన పాటను ఒకే స్పీకరుగల రేడియోలో ప్రసారము చేసినచో, వాద్యములు వినబడి గాయకుడు మాయమగును! ఒకే స్పీకరుతో వినువారు అప్పటికి కోట్లాదిగా నుండిరని గుర్తుంచుకొనుడు.

జె.వి.సి. వారి సి.డి.-4 పద్ధతి వేరు. ఈ సి.డి. 1982లో వచ్చిన కాంపాక్టు డిస్కు కాదు. ఒక్కొక్క గోడపైన ముందు, వెనుక ధారల మొత్తమును మామూలుగా చెక్కి, వాని భేదమును సెకనుకు 30,000 ఆవృత్తుల వాహక తరంగముపైన నెక్కింతురు. రేడియో కేంద్రము వాహక తరంగముపై మాటను పంపునట్లే యిదియు. మొత్తమునకు భేదము కలిపిన ముందుధార, తీసివేసిన వెనుకధార వచ్చును. మనుష్యుని చెవి 20,000 ఆవృత్తులు దాటి వినలేదు గనుక, ఆ తరంగము యంత్రమునకే తెలియును. దానిని చదువుటకు జె.వి.సి.లోని షిబాటా అను ఇంజనీరు ప్రత్యేకమైన వజ్రపు ముల్లును రూపొందించెను.

సేకర్తలకు భయము కలిగించునది యిదే. ఆ సన్నని చెక్కడముపై మామూలు ముల్లు బరువుగా పలుమారులు నడచినచో, మొదట అరిగిపోవునది వాహక తరంగము. పాట చెడినట్లు తోపదు. రికార్డు అద్దమువలె మెరయుచునే యుండును. అమ్మువాడు క్రొత్తదానివలె నున్నదని ప్రమాణము చేయును, అతడు చెప్పునది అబద్ధమును కాదు. నాలుగు ధారల యంత్రముపై పెట్టినప్పుడు మాత్రము ఇసుక రాచినట్టి బుసబుస వినబడును. వెనుక ధార తునాతునకలై వచ్చును. ఆర్.సి.ఎ., వార్నరు కంపెనీల రికార్డులనేకము ఈ పద్ధతిలోనే వచ్చినవి. సాధారణ గృహస్థుడు వానిని సాధారణ యంత్రముపైననే మ్రోగించెను. మ్రోగించవచ్చునని అట్టపైననే వ్రాసియుండగా అతనిని నిందించుట యెట్లు?

అసలు టేపులుండగా ఈ రికార్డుల కింత పాటుపడనేల యని కొందరందురు. టేపులు భద్రముగా నున్నచోట ఆ మాట సరియే. డచ్చి కంపెనీ ఫిలిప్స్ 1970 దశకములో నాలుగు ధారలుగా పట్టిన శాస్త్రీయ సంగీతమును అప్పట్లో స్టీరియోగా మాత్రమే అమ్మినది. ఆ టేపులు నిలిచియుండుటచేత 2001లో స్థాపితమైన పెంటాటోన్ సంస్థ వానిని మొదటిసారిగా నాలుగు ధారలతో వెలువరింపగలిగినది. షికాగో బృందమువారి తొమ్మిది ఆల్బములు 2016లో అట్లే వచ్చినవి. కాని 2008 జూన్ 1వ తేదీన హాలీవుడ్‌లోని యూనివర్సల్ ఆవరణమున జరిగిన అగ్నిప్రమాదములో పెక్కు కంపెనీల మూలపు టేపులు భస్మమైనవి. టేపు పోయినచోట, ఎవరి యింటనో అటకపై నున్న రికార్డే మూలగ్రంథము.

అందుచేత మేము ఈ రికార్డులను దాచుటకంటె నకలు తీయుటయే ముఖ్యమని యెంచుచున్నాము. నకలునందును జాగ్రత్త వలయును. కాంపాక్టు డిస్కు ప్రమాణమగు సెకనుకు 44,100 మచ్చులతో తీసినచో 22,050 ఆవృత్తులకు పైనున్నదంతయు తెగిపోవును, సి.డి.-4 రికార్డునందలి వెనుక ధార దానితోనే పోవును. కనీసము 96,000 మచ్చులు కావలెను. రికార్డును శుభ్రముగా కడిగి, షిబాటా వంటి ముల్లుతో, తేలికైన బరువుతో ఒక్కమారు నడపి, విడదీయని గాడిధ్వనిని ఉన్నదున్నట్లు భద్రపరుపవలెను. విడదీయు పనిని తరువాత కంప్యూటరుపైన ఎన్నిమారులైన చేసికొనవచ్చును. ఆనాటి చౌక డీకోడరు కలగాపులగము చేసిన ఎస్.క్యు. రికార్డులు నేడు స్పష్టముగా విడివడుచున్నవి.